బాత్రూం కింద మిషన్

లేజర్ మిషన్ కనపడటం లేదని సైట్లో గోల మొదలైనప్పుడు, అదెక్కడుందో తెలిసిన మనిషి ఒక్కడే. ఆ మనిషి మెట్ల మీద కూర్చుని టీ తాగుతున్నాడు. వేడిగా ఉందో చల్లారిందో కూడా తెలియకుండా గటగటా తాగేసి, ఖాళీ గ్లాసు పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు.

అతను టైల్స్ మేస్త్రీ. సైట్లో తాపీ మేస్త్రీ, సెంట్రింగ్ మేస్త్రీ అని మిగతావాళ్లకి ముందు ఏదో ఒకటి తగిలిస్తారు గానీ ఇతన్ని మాత్రం ఒట్టి మేస్త్రీ అనే అంటారు. పని అంత శుభ్రం. అతను పరిచిన బాత్రూంలో చెంబుడు నీళ్లు పోస్తే, దారి అడగకుండా అవే జాలీ వైపు పోతాయి. నీళ్లు జారేలా వాటం పెట్టడంలో అతని చెయ్యి అలాంటిది.

లేజర్ మిషన్ పెద్ద వస్తువేం కాదు, టిఫిన్ డబ్బా అంత ఉంటుంది. నేల మీద పెట్టి మీట నొక్కితే గది నాలుగు గోడల మీదా పచ్చటి గీత పడుతుంది. ఇన్నేళ్లూ ట్యూబులో నీళ్లు నింపి, ఒక కొస నువ్వు పట్టుకో ఒక కొస నేను పట్టుకుంటా అని లెవెల్ చూసుకున్న మనిషి మేస్త్రీ. మొదటిసారి ఆ గీత చూసినప్పుడు నోరు తెరిచేశాడు. ఆ పూటంతా ఏదో ఒక వంక పెట్టుకుని మూడుసార్లు ఆ గదిలోకి వెళ్లొచ్చాడు.

దానికి తోడు పాత మంట ఒకటి ఉంది. పోయినసారి పనిచేసిన సైట్లో అతని సొంత కటింగ్ మిషన్ పోయింది. చేతి డబ్బు పెట్టి కొనుక్కున్నది. వెళ్లి అడిగితే అక్కడి కంట్రాక్టరు పళ్లు కుట్టుకుంటూ, "సైట్ అన్నాక ఇవన్నీ మామూలే కదా" అన్నాడు. ఆ మాట మేస్త్రీ కడుపులో ఉండిపోయింది. మామూలే అయితే నాకూ మామూలే అనుకున్నాడు. పోగొట్టింది ఒకడు, తీసుకుంటున్నది ఇంకొకడి దగ్గర అన్న సంగతి అప్పుడు తోచలేదు. తోచినా పక్కన పెట్టాడేమో.

తీసిందైతే తీశాడు, బయటికి ఎలా దాటించాలి? రోజూ సాయంత్రం గేటు దగ్గర ఈ సైటు కంట్రాక్టరు బావమరిది కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. అందరి సంచులూ తెరిపిస్తాడు, అన్నం గిన్నెల మూతలు కూడా తీయిస్తాడు. ఆదివారం మాత్రం సగం పూట పని. ఆ రోజు బావమరిది రాడు, గేటు దగ్గర వాచ్‌మన్ ఒక్కడే.

వాచ్‌మన్‌ని అందరూ రేడియో అంటారు. పొద్దున లేచింది మొదలు ఆగకుండా మోగుతూనే ఉంటాడు కాబట్టి. వచ్చే లారీతో మాట్లాడతాడు, ఇసక కుప్పతో మాట్లాడతాడు, ఎవరూ లేకపోతే పాత పాట ఎత్తుకుంటాడు. ఆదివారాలు మేస్త్రీ సంచి దించబోతే రేడియో రెండు చేతులూ అడ్డం పెట్టేవాడు. "వద్దు మేస్త్రీ, నీ సంచి చూస్తే నా కళ్లు పోతాయ్. పద పద, ఇంటి దగ్గర వదిన ఎదురుచూస్తుంటది!"

మేస్త్రీ లెక్కంతా ఆ మాట మీదే.

ఆదివారం దాకా దాచడానికి రెండో అంతస్తు బాత్రూం కుదిరింది. బాత్రూం నేల మిగతా గచ్చు కంటే లోతుగా, గుంటలా వదిలేస్తారు. ఆ గుంటలో పైపులు వేశాక ఇటుక ముక్కలు నింపి, పైన కాంక్రీటు పోసి, ఆ తర్వాతే టైల్స్. పైపులు ఇంకా పరీక్ష కాలేదు, వచ్చే వారం గానీ నింపరని ప్లంబరే చెప్పాడు. మేస్త్రీ మిషన్ని పాలిథిన్ సంచిలో చుట్టి, మూలన నాలుగు ఇటుక ముక్కలు కప్పి వచ్చాడు.

ఎప్పుడూ లేనిది ప్లంబరు ఆ మర్నాడే పని ముగించేశాడు. మేస్త్రీ కింద టైల్స్ ఏరుకుంటుండగా పైన గుంట నింపేశారు, కాంక్రీటు పోసేశారు. అతను పైకి వెళ్లేసరికి నేల తడిగా, నున్నగా, ఏమీ ఎరగనట్టు ఉంది. "చూశావా, ఒక్కసారన్నా నా పని టైముకి అయింది! మెచ్చుకోవేం?" అని ప్లంబరు నవ్వాడు. మేస్త్రీ కూడా నవ్వాల్సి వచ్చింది.

తర్వాత ఆ నేల మీద టైల్స్ పరిచింది మేస్త్రీయే. మూలకి వచ్చేసరికి రబ్బరు సుత్తితో తట్టడానికి చెయ్యి ఆడలేదు. పోతే పోయిందిలే, నాకూ దక్కలేదు కంట్రాక్టరుకీ దక్కలేదు, సరికి సరి అని తనకి తాను చెప్పుకున్నాడు. సీలింగ్ పనివాళ్లు వచ్చి మిషన్ అడిగేదాకా ఆ సర్దుబాటు బాగానే నడిచింది.

మిషన్ పెట్టే సామాన్ల గది తాళంచెవి ఉండేది రేడియో మొలతాడుకి. ఇంకేముంది, అందరి కళ్లూ అటే తిరిగాయి.

కంట్రాక్టరు చెడ్డవాడని కాదు. ఈ సైట్లో దండగ చూసి చూసి అతని ఓపిక అయిపోయింది. వానకి తడిసి రాయైపోయిన సిమెంటు బస్తాలు, మట్టిలో తొక్కేసిన మేకులు, పొద్దున కొంటే సాయంత్రానికి మాయమయ్యే తట్టలు, పారలు. అందరి మీదా ఉన్న కోపం ఆ రోజు ఒకడి మీదకి దిగింది. రేడియో కాపురం ఉండే రేకుల గదిలోకి వెళ్లి మంచం కింద ఉన్నవన్నీ బయటికి లాగించాడు.

"ఇవేంటి?"

"ఇనప ముక్కలు సార్. పారేసినవే."

"ఈ రంగు డబ్బా?"

"అడుగున కాస్త మిగిలితే... తలుపుకి వేద్దామని."

"మరి ఈ టైల్స్? ఇవి కూడా పారేసినవేనా? అంచు కూడా పోలేదు. ఎవరిచ్చారు?"

గుంపులో వెనక నిలబడ్డ మేస్త్రీ ఇంకో అడుగు వెనక్కి వేశాడు. ఆ టైల్స్ ఇచ్చింది తనే. ప్రతి సైట్లోనూ కొన్ని పగిలాయని చెప్పి పక్కకి తీయడం అతనికి అలవాటు. కొన్ని ఇంటికి పోతాయి, కొన్ని అడిగినవాళ్లకి. "పొయ్యి దగ్గర పరుచుకోండి వదినా" అని రేడియో భార్యకి తన చేత్తోనే ఇచ్చాడు.

రేడియో తలెత్తి మేస్త్రీ వైపు ఒక్కసారి చూశాడు. వెంటనే చూపు తిప్పేసుకున్నాడు.

"చెత్తలో దొరికాయి సార్."

"చెత్తలో! కొత్త టైల్స్! నా చెవిలో పువ్వు కనపడుతోందా నీకు?"

రేడియో భార్య ఊరుకోలేదు. చీర కొంగు బిగించి ముందుకొచ్చింది. "ఏం సార్, మా మంచం కింద దొరికిందంతా తూకానికేస్తే ఒక పూట కూర కూడా రాదు. దాన్ని పట్టుకుని దొంగలంటారా? లోపలికొచ్చి చూడండి, ఆ మిషన్ ఎక్కడన్నా ఉందేమో. పోపుల డబ్బా కూడా తెరుస్తా, చూడండి!"

"నువ్వాగవే" అన్నాడు రేడియో మెల్లగా.

కంట్రాక్టరు వేలు చూపించాడు. "శనివారం సాయంత్రంలోగా మిషన్ రావాలి. లేదంటే గది ఖాళీ. ఇంకో మాట. నువ్వు ఏ సైట్‌కి వెళ్లినా నీకంటే ముందు నా ఫోన్ వెళుతుంది."

ఆ తర్వాత రేడియో మోగలేదు. లారీలు వచ్చాయి, పోయాయి, గేటు తీశాడు, వేశాడు. అంతే. ఆ నిశ్శబ్దం సైటంతా వినపడుతోంది. మధ్యాహ్నం మాత్రం మేస్త్రీ దగ్గరికి వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"మేస్త్రీ, నీ మాటంటే ఆయనకి గురి. నువ్వన్నా ఒక్క ముక్క చెప్పు. తాళం వేయడం మర్చిపోయానేమో, అది నా తప్పే. కానీ నేను తియ్యలేదు."

మేస్త్రీ వెళ్లి చెప్పాడు కూడా. "సార్, రేడియో అలాంటివాడు కాదు" అన్నాడు, నేల చూస్తూ.

కంట్రాక్టరు అతని భుజం తట్టాడు. "నువ్వు మంచోడివి కాబట్టి నీకు అందరూ మంచోళ్లలాగే కనపడతారు మేస్త్రీ. పో, పని చూసుకో."

ఆ తట్టిన చోట సాయంత్రం దాకా బరువుగానే ఉంది.

ఇంట్లో ముందు గది గచ్చంతా మేస్త్రీ చేతి పనే. ఒకచోట తెల్ల టైల్స్, పక్కన చెక్క రంగువి, గుమ్మం దగ్గర నీలం. పనిచేసిన ప్రతి సైటూ అక్కడ కాస్త కాస్త ఉంది. వచ్చినవాళ్లకి ఇది ఫలానా డాక్టరుగారి మేడది, ఇది ఫలానా హోటల్‌ది అని గొప్పగా చూపించేవాడు. ఆ సాయంత్రం ఎక్కడ కాలు పెట్టాలో తెలియక గుమ్మంలోనే చెప్పులు విప్పి నిలబడ్డాడు.

"ఏంటలా నిలబడ్డావ్? నేల తడిగా లేదు, రా" అంది భార్య.

కంచం ముందు కూర్చుని కలిపిన ముద్ద కలిపినట్టే ఉంచాడు. ఆమె ఏమీ అడగలేదు. మంచినీళ్లు పెట్టి ఎదురుగా కూర్చుంది. అదే ఎక్కువైంది అతనికి. అంతా చెప్పేశాడు.

ఆమె అన్నం గిన్నె మీద మూత పెట్టింది. తర్వాత, "రేడియో నీ పేరు చెప్పలేదా?" అంది.

"చెప్పలేదు."

"టైల్స్ నువ్విచ్చావని కూడా?"

"ఊహూ."

"మరింకా ముద్దెలా దిగుద్ది నీకు?"

"ఒక ఉపాయం ఉందే. ఆ బాత్రూం వాటం తప్పింది, పగలగొట్టి మళ్లీ వేస్తానని చెప్తా. పగలగొట్టేటప్పుడు ఎవరూ లేకుండా చూసి మిషన్ తీసి, ఏ సిమెంటు బస్తాల వెనకో పెట్టేస్తా. దొరికిందంటారు, అయిపోతుంది."

"నీ వాటం తప్పిందంటే ఎవడు నమ్ముతాడయ్యా?" అంది ఆమె. వెక్కిరింపు కాదు, నిజంగానే అడిగింది.

శనివారం పొద్దున్నే ఇంజనీరమ్మ దగ్గరికి వెళ్లాడు. చిన్నవయసు పిల్ల, కానీ కన్ను చురుకు. విషయం వినగానే "పదండి చూద్దాం" అని నిండు బకెట్ మోయించుకుని పైకి వచ్చింది. వెనకే ప్లంబరు కూడా, తమాషా చూద్దామని.

బకెట్ వంచింది. నీళ్లు నేలంతా పరుచుకున్నాయి. ఒక్క క్షణం ఆగినట్టు ఆగి, నాలుగు మూలల నించీ బుద్ధిగా జాలీ వైపు జారిపోయాయి. మూలన, ఆ మూలనే, చుక్క కూడా నిలవలేదు.

"ఇంతకంటే బాగా ఎవరు పెడతారు? ఎక్కడ తప్పిందండీ?" అంది ఇంజనీరమ్మ.

"అంటే... కొద్దిగా..."

ప్లంబరు పకపకా నవ్వాడు. "మేస్త్రీకి దిష్టి తగిలినట్టుందమ్మా! బాగున్నది బాగోలేదంటున్నాడు. నేను వంకరగా వేసిన పైపులే బాగున్నాయని ఒట్టేస్తా, ఈయనేంటో!"

"లేదమ్మా, నా మాట వినండి, పగలగొట్టాలి."

"ఎందుకు పగలగొట్టాలి? ఈ సైట్లో దండగ చాలదా మేస్త్రీ? పైగా ఈ రంగు టైల్స్ అయిపోయాయి. పగిలాయని మీరే చెప్పారుగా, ఒక్కటి కూడా మిగల్లేదు. వదిలేయండి." ఆమె వెళ్లిపోవడానికి తిరిగింది.

కిటికీకి ఇంకా తలుపులు పెట్టలేదు. అందులోంచి కింద రేకుల గది కనపడుతోంది. రేడియో పరుపు చుట్టి తాడు బిగిస్తున్నాడు. ఆయన భార్య గిన్నెలన్నీ ఒకదాంట్లో ఒకటి పెట్టి గోనె సంచిలోకి దించుతోంది. గోడ పక్కన తను నాటుకున్న బెండ మొక్కల దగ్గర కాసేపు ఆగింది. లేత కాయలు కోసింది, పిందెలు వదిలేసింది.

మేస్త్రీ ఉలి, సుత్తి చేతిలోకి తీసుకున్నాడు.

"వాటం బాగానే ఉందమ్మా" అన్నాడు. "కింద మిషన్ ఉంది. లేజర్ మిషన్. నేనే పెట్టాను. దొంగతనంగా. సార్‌ని పిలవండి. రేడియోని కూడా."

ప్లంబరు నవ్వు సగంలో ఆగిపోయింది.

అందరూ వచ్చేదాకా మేస్త్రీ మూలన మోకాళ్ల మీద కూర్చునే ఉన్నాడు. వచ్చాక ఎవరి మొహమూ చూడకుండా ఉలి పెట్టి కొట్టాడు. తను పరిచిన టైల్ అంత తేలిగ్గా లేవదని అతనికి తెలుసు. ముక్కలు ముక్కలుగా వచ్చింది. కాంక్రీటు, దాని కింద ఇటుక ముక్కలు, వాటి మధ్య పాలిథిన్ సంచి. చినిగిపోయి సిమెంటు పాలు లోపలికి దిగిపోయాయి. మిషన్ కంటి అద్దం తెల్లగా పూడుకుపోయింది. మీట నొక్కితే కదల్లేదు.

కంట్రాక్టరు దాన్ని అటూ ఇటూ తిప్పాడు. "నీకూ లేదు, నాకూ లేదు. మట్టిపాలు చేశావ్" అన్నాడు. అరుస్తాడనుకున్నారు అందరూ. అరవలేదు. "వాడి గురించి నాకు చెప్పడానికి వచ్చావే ఆ రోజు. భుజం తట్టి పంపించాను నిన్ను." మిషన్ని ఇంజనీరమ్మ చేతిలో పెట్టాడు. "మిషన్ ఖరీదు నీ కూలిలో పోతుంది. రేపు ఇది బాగుచేసి, ఇక కనపడకు."

"టైల్స్ లేవుగా సార్" అంది ఇంజనీరమ్మ.

"ఉన్నాయమ్మా" అన్నాడు మేస్త్రీ. "మా ఇంట్లో."

రేడియో పగిలిన ముక్కల వంక చూసి కిందికి దిగి వెళ్లాడు. కాసేపటికి కింద పరుపు తాడు విప్పుతున్న చప్పుడు వినపడింది.

ఆదివారం మేస్త్రీ ఇంటి నించి టైల్స్ తెచ్చాడు. పెరట్లో ఇంకా పరచకుండా పెట్టినవి ఉన్నాయి కాబట్టి సరిపోయింది. లేకపోతే గచ్చు పెకలించైనా తెచ్చేవాడు. ఒక్కడే కూర్చుని గుంట పూడ్చి, మూల సరిచేశాడు. నీళ్లు పోసి చూసుకున్నాడు. పోయాయి.

మధ్యాహ్నం సంచి భుజాన వేసుకుని గేటు దగ్గరికి వచ్చాడు. బావమరిది కుర్చీ ఖాళీ. రేడియో ఒక్కడే ఉన్నాడు. మేస్త్రీ ఆగి, సంచి దించి, నేల మీద పెట్టి, మూతి విప్పాడు. రేడియో చేతులు అడ్డం పెట్టలేదు.

వంగి ఒక్కొక్కటే తీశాడు. తాపీ, రబ్బరు సుత్తి, ఉలి, చుట్టి పెట్టిన నీళ్ల ట్యూబు, అన్నం గిన్నె. గిన్నె మూత తీసి చూశాడు. ఖాళీగా ఉంది. అడుగున టైల్స్ మధ్య సందుకి పెట్టే ప్లాస్టిక్ ముక్కల ప్యాకెట్ తగిలింది, సగం వాడినది.

"ఇవి?"

"సైట్‌వి" అన్నాడు మేస్త్రీ. అవి అక్కడ ఉన్నాయని అతనికి నిజంగానే గుర్తు లేదు. ఆ సంగతి చెప్పబోయి, చెప్పలేదు.

రేడియో ప్యాకెట్ పక్కన పెట్టాడు. మిగతావన్నీ ఉన్నవి ఉన్నట్టు సంచిలో సర్ది, మూతి తనే కట్టాడు.

"ఇంటి దగ్గర వదినకి చెప్పు" అన్నాడు, గేటు తీస్తూ. ఏం చెప్పాలో అనలేదు.