రత్తమ్మ పెట్టిన సున్నం బొట్టు

రత్తమ్మ పెంకును ఎడమ అరచేతిలో నిలబెట్టి, కుడిచేతిలోని నల్లటి గులకరాయితో దాని నడుం మీద ఒక్క దెబ్బ వేసింది. బాగుందని తేలగానే, పక్కన పెట్టుకున్న సున్నపుకాయలో బొటనవేలు ముంచి పెంకు మూల ఒక బొట్టు పెట్టి, తనను వరసకు అత్తా అని పిలిచే అచ్చాయమ్మకు అందించింది. అచ్చాయమ్మ దానికి వరిగడ్డి చుట్టి గంపలో నిలువుగా సర్దింది. గంప నిండగానే పడవమనిషి ఎత్తుకుని బల్ల మీదుగా పడవలోకి దిగాడు. పొద్దు పొడిచిన దగ్గర్నుంచి ఇదే పని.

విజ్జేశ్వరం లాకుకు దిగువన, కాలవగట్టు మీద ఉంది ఆ పెంకుల బట్టీ. అక్కడి పెంకులు పడవల మీద నరసాపురం దాకా వెళతాయి. రాజమండ్రి దగ్గర గోదావరి మీద రైలు వంతెన స్తంభాలు లేస్తున్న ఏడాది అది. కూలి ఎక్కువిస్తున్నారని బట్టీలో సగం మంది అక్కడికి పోయారు. మిగిలినవాళ్ళు రెండేసి పనులు నెత్తిన వేసుకుని, పోయినవాళ్ళను తిట్టుకుంటూ కాలం గడుపుతున్నారు.

కాల్చేటప్పుడు బీట పడిన పెంకు చూడ్డానికి పెళ్ళికూతురిలా ఉంటుంది. ఎర్రగా, నున్నగా, ఏ వంకా కనపడదు. ఇంటి మీదికెక్కి తొలకరి నాలుగు జల్లులు తిన్నాక నిలువునా విచ్చి, కింద పడుకున్నవాళ్ళ మీద పడుతుంది. అందుకే పడవెక్కే ముందు ప్రతి పెంకునూ కొట్టి, పలుకు వినాలి. రత్తమ్మ బొట్టున్న పెంకును నరసాపురంలో ఇళ్ళు కప్పేవాళ్ళు మళ్ళీ కొట్టి చూడరు. నేరుగా పైకి అందించేస్తారు. ఆ మాట పడవవాళ్ళు చెప్పినప్పుడల్లా రత్తమ్మ పట్టించుకోనట్టు ముఖం పెట్టేది గాని, ఆ పూట ఒక ముద్ద ఎక్కువే తినేది.

ఇంతకీ రత్తమ్మకు చెవులు వినపడవు. ఆ సంగతి తనకు తప్ప ఇంకెవరికీ తెలియదని ఆమె ధీమా.

పొడుగాటి మనిషి. ఎముకలు పెద్దవి. ఎన్నో ఏళ్ళు బంకమట్టి మోసిన మెడ కాస్త ముందుకు వంగింది. అరచేతులు ఎర్రమట్టి తిని ఎప్పటికీ అదే రంగులో ఉండిపోయాయి. నిరుడు చలికాలంలో జ్వరం వచ్చి పోతూ పోతూ చెవులు పట్టుకుపోయింది. అప్పట్నుంచి ఆమె మాటలు ఎక్కువ చేసింది. వాగేవాళ్ళను ఎవరూ ఏమీ అడగరు కదా. పిలిస్తే పలక్కపోతే, "రత్తమ్మకు పొగరు పెరిగింది" అనుకునేవారు. అది ఆమెకు బాగానే ఉండేది. చెవుడుందని తెలిస్తే మేస్త్రీ మళ్ళీ మట్టి గంప నెత్తిన పెడతాడు. పొగరుందంటే ఏం చేస్తాడు?

పలుకు వినకుండా పని ఎలాగంటే, ఆమె అరచెయ్యి చెప్పేది. మంచి పెంకు దెబ్బ తగలగానే చేతిలో సన్నగా వణుకుతుంది. బీట పడింది ఉలుకూ పలుకూ లేకుండా ఊరుకుంటుంది. ఈ పని నేర్పింది మొగుడు బుల్లియ్య. బట్టీలో నిప్పు చూసేవాడు. ఏటి ఒడ్డున ఆ గులకరాయి ఏరి తెచ్చి, "కళ్ళు మూసుకుని కొట్టవే, తెలుస్తుంది" అన్నాడు. ఆ మనిషి పోయాడు, రాయి మిగిలింది. చెవులు కూడా పోయాయి, చెయ్యి మిగిలింది. ఇంకేం కావాలి అనుకునేది రత్తమ్మ.

మధ్యాహ్నం గంజి తాగే వేళ పడవ సరంగు సత్తియ్య వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. వాళ్ళది నరసాపురం, చేపలు పట్టే పల్లెవాళ్ళ వీధి. ఆ వేసవిలో ఆ వీధి తాటాకిళ్ళన్నీ కాలిపోయాయి. ఈ పడవలో వెళుతున్నవి అక్కడ కొత్తగా లేస్తున్న ఇళ్ళ మీదికే.

"అందులో మా ఇల్లు కూడా ఉందక్కా. మా ఇంటిది నీ బొట్టున్న పెంకులే తెమ్మంది" అన్నాడు సత్తియ్య. ఎదురుగా కూర్చుంటే రత్తమ్మకు పెదాలు చదవడం తేలికే.

"నా బొట్టు లేనివి ఈ గట్టు దాటితే కదా" అంది.

ఎండ వాలాక గడ్డి నిండుకుంది. గడ్డి తెచ్చే మనిషి వంతెన పనికి పోయిన బాపతే. రత్తమ్మ లేచి బట్టీ వెనకనున్న గడ్డివామి వైపు నడిచింది. "అత్తా, నువ్వు కూర్చో, నేను తెస్తా" అని వెనకనుంచి అచ్చాయమ్మ కేకేసింది. రత్తమ్మ ఆగలేదు. "అత్తా" అని మళ్ళీ గట్టిగా అరిచింది. రత్తమ్మ ఆగలేదు.

వామి అడుగున మిగిలిన గడ్డి లాగేసరికి పెంకులు బయటపడ్డాయి. వరసగా, నిలువుగా పేర్చి ఉన్నాయి. ప్రతిదాని మూలనా సున్నం బొట్టు ఉంది. తన బొటనవేలి బొట్టు.

ఒకటి తీసి అరచేతిలో పెట్టి కొట్టింది. చేతిలో సన్నగా వణికింది. మంచిదే. మరి ఇక్కడెందుకుంది? పక్కనున్న కుండలోంచి దోసెడు నీళ్ళు తీసి దాని మీద పోసింది. తడంతా పెంకు పీల్చేసుకుంది గాని, అంచు దగ్గర వెంట్రుకంత సన్నటి గీత ఒకటి నల్లగా నిలబడిపోయింది, అరచేతికి తెలియని బీట. ఇంకోటి తీసింది. దానికీ ఉంది గీత. మూడోది తీయడానికి చెయ్యి రాలేదు.

పరిగెత్తుకొచ్చిన అచ్చాయమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడింది.

"కొంగు తియ్యి, కనపడాలి" అంది రత్తమ్మ. "ఎన్నాళ్ళ నుంచే?"

"నిరుటి నుంచి. గడ్డి చుట్టేటప్పుడు వేలితో కొట్టి చూస్తా. ఏవో కొన్నే అత్తా."

"మేస్త్రీకి తెలుసా?"

"ఎవరికీ తెలీదు."

"మరి నాకు చెప్పొచ్చుగా."

"చెప్తే వినపడొద్దూ?" అనేసింది అచ్చాయమ్మ, అని నాలిక్కరుచుకుంది.

రత్తమ్మకు ముందు నవ్వొచ్చింది. ఆ నవ్వులోంచే ఏడుపొచ్చింది. తడి పెంకును ఒళ్ళో పెట్టుకుని గడ్డిలో చతికిలబడింది. కొత్తగా కాపురానికొచ్చి, చేతులు వణికి పెంకులు జారవిడుస్తుంటే మేస్త్రీ పొమ్మన్న పిల్ల ఇది. తనే అడ్డుపడి పక్కన కూర్చోబెట్టుకుంది. కోపం రాలేదా అంటే వచ్చింది. సిగ్గు అంతకంటే ఎక్కువ వేసింది. కానీ సత్తియ్య ఇల్లు గుర్తొచ్చాక ఆ రెండూ తగ్గాయి. అతని ఇంటి మీదికి బీట పడిన పెంకు ఒక్కటీ వెళ్ళడం లేదు. ఆమెకు కావలసింది కూడా అదే కదా. కళ్ళు తుడుచుకుని, గడ్డి మోపు ఎత్తుకుని వచ్చింది. మిగిలిన పెంకులన్నీ అచ్చాయమ్మ చేత వేలితో కొట్టించి, తను బొట్టు పెట్టి గడ్డి చుట్టింది. ఎవరూ గమనించలేదు.

పొద్దు వాలేసరికి పడవ నిండింది. ఆ రేవులో ఒక అలవాటుంది. కట్టుతాడు విప్పే ముందు సరంగు రత్తమ్మను అడగాలి. రోజంతా అక్కా అనే సత్తియ్య ఆ ఒక్క క్షణం తలపాగా తీసి గారూ అంటాడు. "విప్పండి, ఒక్కటి పగిలినా నన్నడగండి" అని రత్తమ్మ అంటేనే పడవ కదులుతుంది.

"రత్తమ్మగారండీ, కట్టు విప్పమంటారా?" అన్నాడు సత్తియ్య.

"అచ్చాయమ్మగారిని అడగండి" అంది రత్తమ్మ.

పడవవాళ్ళు నవ్వారు. ఆమె నవ్వలేదు. బట్టీ మేస్త్రీ పల్లంరాజు వైపు తిరిగి, "నాకు చెవులు పోయాయండి, మేస్త్రీగారూ. పోయి చాలా కాలమైంది. బొట్టు నాదే గాని, చెవి ఈ పిల్లది. ఇకమీదట బొట్టు కూడా దీన్నే పెట్టనివ్వండి" అంది. రహస్యం దించుకున్నాక ఒంట్లో బరువంతా పోయినట్టుంది ఆమెకు.

సత్తియ్య తలపాగా చేత్తో పట్టుకునే అచ్చాయమ్మ వైపు తిరిగాడు. అదే మాట అడిగాడు. అచ్చాయమ్మ గొంతు సవరించుకుంది.

"విప్పండి. ఒక్కటి పగిలినా నన్నడగండి."

రత్తమ్మ సున్నపుకాయ అచ్చాయమ్మ చేతిలో పెట్టి, బల్ల మీదుగా పడవలోకి నడిచింది. "ఎక్కడికక్కా?" అన్నాడు సత్తియ్య ఎదురొచ్చి.

"ఇన్నేళ్ళు పంపాను. ఒక్క ఇంటి మీదైనా చూశానా? ముందు మీ ఇల్లు చూపించు."

"మళ్ళీ ఎప్పుడొస్తావు రత్తమ్మా?" అని పల్లంరాజు గట్టు మీదనుంచి కేకేశాడు. ఆమె అప్పటికే గడ్డి పరిచిన పెంకుల మీద, నీళ్ళకు ఎదురుగా కూర్చుంది. పడవ కదిలింది.

అచ్చాయమ్మ తిరిగి వచ్చి చూస్తే రత్తమ్మ కూర్చునే చోట గులకరాయి ఉంది. "అత్తా, రాయి" అని అరవబోయి ఊరుకుంది. రాయి తీసుకుని దగ్గరున్న పెంకు మీద కొట్టింది. అది ఖణేల్‌మంది. పడవ మీద గెడ వేస్తున్నవాళ్ళు తల తిప్పి చూశారు, సత్తియ్య చెయ్యెత్తాడు. రత్తమ్మ ముందుకే చూస్తోంది.

రాయి ఒక పక్క దెబ్బలకు బల్లపరుపుగా అరిగిపోయింది. రెండో పక్క బొటనవేలు ఆనే చోట చిన్న గుంట పడి ఉంది, అందులో సున్నం ఇంకా తడిగానే ఉంది.