ఒట్టి ఏడుపు

తారామణి నలభయ్యో చొక్కా కాలరు కింద వేలాడే దారాలు కత్తిరించి, పక్కనున్న గుట్టలోకి విసిరింది. నాచారంలోని ఆ కుట్టు ఫ్యాక్టరీలో పదకొండేళ్లుగా ఆమె పని అదే. కత్తెర ఒరుసుకుని బొటనవేలు కాయ కాసింది. మిషన్ల రొదలో ఒకరి మాట ఒకరికి వినబడాలంటే అరవాల్సిందే. ఆ అరుపే ఆమెకు కొత్త ఆశ పెట్టింది. ఆర్నెల్ల కింద టీ బండి దగ్గర ఆమె ఎవరినో కేకేస్తుంటే, పక్క సందులో డబ్బింగ్ స్టూడియో నడిపే గౌతమ్ విని, "అక్కా, గుంపుల అరవనీకి వస్తవా?" అని అడిగాడు.

అప్పటి నుంచి వీలు దొరికినప్పుడల్లా వెళుతోంది. సంతలో బేరాలు, పెళ్లిలో నవ్వులు, పరుగెత్తేవాళ్ల ఆయాసం, అన్నీ గొంతుతో చేసింది. ఒక్క మాటైనా తనదని చెప్పుకునేటట్టు లేదు. ఉప్పల్‌లో ఆమెతోపాటు అద్దెగదిలో ఉండే తల్లి కౌసల్యమ్మ మాత్రం పట్టు విడవదు. "గుంపుల నీ గొంతు నాకెట్ల దెలుస్తది బిడ్డా? నువ్వొక్కదానివే అన్న మాట ఒక్కటి వినిపియ్యి." పాపం, ఆవిడకు చెవులు సరిగా వినబడవు. బ్యాటరీ అయిపోతుందని చెవిమిషను డబ్బాలోనే దాచి, కూతురు వచ్చే వేళకు మాత్రం తగిలించుకుంటుంది. ఆపడం మరిచి డబ్బాలో పెడితే అది పిచ్చుకపిల్లలా కూస్తుంది.

ఈరోజు చావు సీను. బాగా ఏడిస్తే వచ్చే వారం ఒక డైలాగు ఇప్పిస్తానని గౌతమ్ మాటిచ్చాడు. పొద్దున బయల్దేరేముందు తారామణి ఆ సంగతి తల్లి చెవి దగ్గర అరిచి మరీ చెప్పింది.

మధ్యాహ్నం పర్మిషన్ అడుక్కుని స్టూడియోకు వెళ్లి, మైకు ముందు నిలబడింది. తెర మీద శవం చుట్టూ ఆడవాళ్లు కూర్చున్నారు. ఆమె కళ్లు మూసుకుంది. వాళ్ల ఊరి వైపు ఆడవాళ్లు ఉత్తగా ఏడవరు. పోయినవాళ్లను పిలిచి, వాళ్లు చేసినవన్నీ చెప్పుకుంటూ రాగం తీసి ఏడుస్తారు. కౌసల్యమ్మ అందులో పెట్టింది పేరు. తారామణికి ఆరేళ్ల కింద పోయిన మొగుడు హన్మయ్య గుర్తొచ్చాడు.

"ఉప్పల్ల బస్సు దిగంగనే చెయ్యి వట్టుకుంటివి, ఇంత పెద్ద పట్నంల నన్ను యాడ ఇడిచి పోతివయ్యా..."

అద్దం అవతల గౌతమ్ రికార్డింగ్ ఆపాడు. "మస్తుగున్నదక్కా. గని మాటలొద్దు. నీ ఏడుపు మీద హీరో మాట్లాడ్తడు. ఒట్టి ఏడుపు కావాలె."

మళ్లీ చేసింది. మళ్లీ మాటలొచ్చాయి.

"మాటల్లేకుంట ఎట్ల ఏడుస్తరు సారూ? ఎవలి కోసం ఏడుస్తున్నమో పోయినోళ్లకు ఎర్క గావద్దా?"

నాలుగోసారికి గౌతమ్ గడియారం చూసి, ఇంకొకామెను పిలిపిస్తానన్నాడు. డైలాగు సంగతి ఆమె అడగలేదు, అతనూ ఎత్తలేదు. సిగ్గూ దుఃఖమూ ముంచుకొచ్చి ఆమె చెప్పులు వెతుక్కుంటుంటే, అతనికే మనసాగక మొదటిసారి ఏడ్చిన ముక్కను ఆమె ఫోనుకు పంపాడు. "మాకు పనికిరాదక్కా. నువ్వుంచుకో."

బస్సులో ఉప్పల్ దాకా ఆ ఫోనును ఒళ్లో రెండు చేతులతో పట్టుకునే కూర్చుంది. పోతే పోయింది డైలాగు. ఇందులో గొంతూ తనదే, మాటలూ తనవే. అమ్మ వింటుంది, రాగం ఎక్కడ తప్పిందో కూడా చెబుతుంది. ఇల్లు ఎప్పుడెప్పుడు వస్తుందా అనిపించింది.

తలుపు దగ్గరగా వేసి ఉంది. కౌసల్యమ్మ గోడకు ఆనుకుని, గుమ్మం వైపు ముఖం పెట్టి కూర్చుని ఉంది. పిలిస్తే పలకలేదు. చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది. చెవిమిషను అప్పటికే చెవికి ఉంది.

తారామణి నోరు తెరిచింది. అమ్మా అని పిలవాలి, ఆవిడ చేసినవన్నీ ఒక్కొక్కటిగా చెప్పుకోవాలి. ఒక్క మాటా రాలేదు. మధ్యాహ్నమంతా రమ్మంటే రాని ఒట్టి ఏడుపు ఇప్పుడొచ్చింది. పక్క గది రాణి పరుగెత్తుకొచ్చి పట్టుకున్నా ఆగలేదు.

రాణి ముసలామె చెవి నుంచి మిషను మెల్లగా తీసి, దాని డబ్బాలో వేసి కిటికీలో పెట్టింది. ఆపాలని ఎవరికీ తోచలేదు. బ్యాటరీ అయిపోయేదాకా అది అక్కడ సన్నగా కూస్తూనే ఉంది.