వీపులేనమ్మ పుట్టుపూర్వోత్తరాలు

ఆటల కంపెనీలో ఆమెను అందరూ ఆరాలమ్మ అంటారు. ఉద్యోగమే అలాంటిది మరి. బొమ్మలేసేవాళ్లు రెక్కల పులినో మూడు తలల మొసలినో గీసి బల్ల మీద పడేస్తే, అది మొట్టమొదట ఏ పుస్తకంలోంచి లేచి వచ్చిందో ఆరా తీసి, దాని పుట్టుక ఇదీ అని రాసిపెట్టాలి. పాత కథల్లోదైతే ఎవరైనా వాడుకోవచ్చు. ఏ పుస్తకంలోనూ దొరకలేదంటే అది కంపెనీ సొంతం. ఆ తర్వాత దాని పేరెత్తాలన్నా కంపెనీని అడగాల్సిందే. ఆమె రాసిందే వేదం. దాన్ని మళ్లీ సరిచూసేవాళ్లెవరూ లేరు.

ఒకరోజు బొమ్మలాయన తెచ్చిన కాగితం చూసి ఆమె ఇట్టే గుర్తుపట్టేసింది. ముందూ ముఖమే, వెనకా ముఖమే. అది వీపులేనమ్మ.

ఆరాలమ్మ చిన్నప్పుడు, నాన్న రాత్రి డ్యూటీకి వెళ్తే పిల్లలు భయపడకుండా అమ్మ అల్లిన జీవి అది. ఒక ముఖం తలుపు వైపు కాపలా కాస్తుంది, రెండోది పిల్లల్ని చూసుకుంటుంది. వెల్లకిలా పడుకున్నా బోర్లా పడుకున్నా ఏదో ఒక ముక్కు చప్పిడైపోతుంది కాబట్టి పాపం దానికి నిద్రే లేదు. అమ్మ జన్మంతా ఇంకొకరి కొలతలకు ఇంకొకరి బట్టలే కుట్టింది. “ఇది మాత్రం ఎవరూ చెప్పింది కాదు, నా బుర్రలోంచే ఊడిపడింది” అని ఇప్పటికీ మురిసిపోతుంది. తనదని చెప్పుకోవడానికి ఆవిడకున్నది అదొక్కటే.

బొమ్మలాయన దొంగేం కాదు. ఒకసారి టీ తాగుతూ ఆరాలమ్మే ఆ కథంతా ఆయన ముందు వాగింది. నోరు ఊరుకుంటేగా.

పరుగున మేనేజరు దగ్గరికెళ్లి, ఇది మా అమ్మది అని చెప్పింది. ఆయన మంచివాడే, కూర్చోబెట్టి మరీ, ఎక్కడైనా అచ్చయిందా అని అడిగాడు. లేదంది. అందరి అమ్మలూ కథలు చెబుతారు మేడమ్, అచ్చులో లేకపోతే నేనేం చెయ్యను అన్నాడు. పోనీ ఆటలోంచి తీసేయమని బతిమాలింది. బొమ్మ అందరికీ తెగ నచ్చేసింది, కుదరదు, సాయంత్రానికి పుట్టుక రాసివ్వండి అన్నాడు.

పుస్తకం లేదని నిజం రాస్తే వీపులేనమ్మ కంపెనీ జేబులోకి పోతుంది. ఆమె చాలాసేపు గోళ్లు కొరుక్కుని, చివరికి ఒక అబద్ధం రాసింది: పాత నావికుల కథల సంపుటి, రాసినవారు తెలియదు. ఇలాగైతే ఎవరి సొంతమూ కాదు, అమ్మ కథకు అడ్డూ ఉండదు. తెలివైన పనే చేశాననుకుంది పిచ్చిది.

ఆట బయటికొచ్చింది, జనం ఎగబడ్డారు. వీపులేనమ్మను చూపిస్తే అమ్మ పొంగిపోతుందని ఆరాలమ్మ ఫోను పట్టుకుని పుట్టింటికి వెళ్లింది. అమ్మ కుట్టుమిషన్ ఆపి, కళ్లజోడు సర్దుకుని, బొమ్మను చూసి చిన్నపిల్లలా నవ్వింది. తర్వాత బొమ్మ కిందున్న చిన్న అక్షరాలు చదివింది. పుట్టుక అక్కడే వేస్తారు. ఇన్నేళ్లలో దాన్ని చదివిన పాపాన ఎవరూ పోలేదు కాబట్టి ఆరాలమ్మకు ఆ సంగతే గుర్తులేదు.

“అయితే ఎప్పుడో ఎక్కడో వినే ఉంటానే,” అంది అమ్మ. “ఇన్నాళ్లూ నేనే అల్లాననుకున్నాను.”

“లేదమ్మా, అసలు ఆ పుస్తకమే లేదు. నేనే కల్పించి రాశాను.”

నేను నొచ్చుకుంటానని ఉద్యోగం ఊడే మాటలు మాట్లాడకు అని అమ్మ ఆమె చెయ్యి నిమిరింది. నిజం చూపిద్దామని ఆరాలమ్మ ఆ సంపుటి పేరుతో నెట్‌లో వెతికింది. మొదటికే మోసం వచ్చింది. ఆట ఆడినవాళ్లు తలా ఒకటి రాసిపడేశారు. ఆ సంపుటి మా తాతగారింట్లో ఉండేది అంటాడొకాయన. అసలు కథలో మూడో ముఖం కూడా ఉంది, మీకెవరికీ తెలియదు అంటుంది ఇంకొకావిడ. అమ్మ అన్నీ ఓపిగ్గా చదివింది.

“ఇంతమందీ అబద్ధాలాడతారా?”

ఆరాలమ్మ ఒట్టేసింది, ఏడ్చింది. ఊరందరి అబద్ధాలూ పట్టుకునే మనిషికి, తన అబద్ధాన్ని వెనక్కి తీసుకోవడం మాత్రం చేతకాలేదు. ఇక ఏం చెప్పినా అమ్మ నమ్మదని తెలిసిపోయింది.

అమ్మ ఆమె కళ్లు తుడిచి, మళ్లీ మిషన్ ముందు కూర్చుని సూదిలోకి దారం ఎక్కించుకుంది.

“పోనీలేవే, ఎవరిదైతేనేం, మంచి కథ. ఆ రాసినాయనెవరో గానీ, పిల్లలు గలవాడే అయ్యుంటాడు.”