కాటా మీద చిన్న కుర్చీ

కళ్ళజోళ్ళ వర్క్‌షాపుకి పొద్దున అందరికంటే ముందు వచ్చేది చెల్లెలే. రాగానే అరగదీసే చక్రం కింద నిన్నటి మురికినీళ్ళు పారబోసి మంచినీళ్ళు నింపుతుంది. బల్ల తుడిచి, ఆ రోజు బిగించాల్సిన అద్దాలు ట్రేలలో సర్దుకుంటుంది. ఇక సాయంత్రం దాకా ఒకటే పని. గుండ్రటి అద్దాన్ని ఫ్రేము ఆకారానికి అరగదీయడం, బిగించడం, వెలుతురుకి ఎత్తిపట్టి చూడటం. వెంట్రుకవాసి ఎక్కువ అరిగిందా, అద్దం ఫ్రేములో వదులుగా ఆడుతుంది. తక్కువ అరిగిందా, బిగించేటప్పుడు టప్పుమంటుంది. ఈ పని వచ్చినవాళ్ళు దొరక్క ఒక పరాయి దేశంవాళ్ళు వర్క్ వీసా ఇచ్చి మరీ ఆమెని పిలిపించుకున్నారు.

పెళ్ళయినా, పిల్ల పుట్టినా, భర్త పోయినా ఆమె పేరు మాత్రం చెల్లెలే. అక్క అలా పిలవడం మొదలుపెడితే ఇరుగుపొరుగు దాన్నే ఖాయం చేశారు. నాలుగేళ్ళ పాపని ఆ అక్క దగ్గరే వదిలి వచ్చింది. కొన్నాళ్ళు ఏ మచ్చా లేకుండా పనిచేస్తే పాపకి కూడా వీసా ఇస్తామన్నారు. ఆ గడువు దగ్గర పడింది. అందుకే నలుగురితో పంచుకుంటున్న గది ఖాళీ చేసి, వంటగది ఉన్న చిన్న ఇల్లు అద్దెకి తీసుకుంది. ఇంటి సామానంతా ఓడలో పంపమని అక్కకి కబురు చేసింది.

ఆ దేశంలో ఒక పద్ధతుంది. ఉద్యోగం మీద వచ్చినవాళ్ళు ఇంటి సామాను పన్ను లేకుండా తెప్పించుకోవచ్చు. కాకపోతే ఒక్కసారే, అదీ వాడుకున్న సామానే. కొత్త వస్తువైతే పన్ను పడుతుంది. ఉన్నది ఒక్క అవకాశమే కదా అని పాప వస్తువులు కూడా అందులోనే వేయమంది. అన్నీ మేము వాడుకున్నవే అని కాగితం మీద సంతకం పెట్టింది. నిజమే అనుకుని పెట్టింది పాపం.

సామాను రేవుకి చేరిన రోజు, పని మధ్యలో అక్క ఫోన్ చేసింది.

"దిగిందా?"

"దిగిందక్కా. రేపు పొద్దున కస్టమ్స్ వాళ్ళు పెట్టెలు విప్పుతారట. నేను దగ్గరుండాలి."

"విప్పుతారని విన్నాను. అందుకేగా అన్నీ మార్చేసింది!"

"ఏం మార్చావు?"

"నీ మసి మూకుళ్ళూ, చొట్టగిన్నెలూ పరాయి దేశంలో పదిమంది ముందూ విప్పితే మన పరువేం కాను? అన్నీ కొత్తవి కొన్నాను. మీ బావ కూర్చుని ఆ స్టిక్కర్లు గోకీ గోకీ గోళ్ళు అరగదీసుకున్నారు. కుక్కరు కొత్తది, ఇస్త్రీపెట్టె కొత్తది, దుప్పట్లు కొత్తవి. పాప కుర్చీ కూడా కొత్తదే. చూస్తే నువ్వే మెచ్చుకుంటావు."

"మరి పాతవి?"

"ఇక్కడే ఉన్నాయిలే. రెండేళ్ళలో వచ్చేస్తానన్నావుగా. అప్పుడు పనికొస్తాయి."

చెల్లెలి చేతిలో అద్దం టప్పుమంది. మంచికి పోతే చెడు ఎదురవడమంటే ఇదే. కానీ అక్కని ఏమని తిడుతుంది? అక్కకి పిల్లల్లేరు. ఆ మాట ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. పాప తన ఇంటికి వచ్చిన దగ్గర్నుంచీ ఆ మనిషి నేల మీద నిలవడం లేదని బావే చెప్పాడు. అంత ప్రేమగా పరువు కాపాడినదాన్ని పట్టుకుని, నా కొంప ముంచావే అని ఎలా అనడం? బాగా చేశావక్కా అని ఫోన్ పెట్టేసింది. పగిలిన ముక్కలు ఏరి చెత్తబుట్టలో వేసింది.

మధ్యాహ్నం సెలవడిగి, రేవులో సామాను విడిపించే కాగితాలు చూసే క్లియరింగ్ ఏజెంటు దగ్గరికి పరిగెత్తింది. టైర్ల కొట్టు మీద ఇరుకు గది ఆయన ఆఫీసు. ఆయన అంతా విని, తాగుతున్న టీ గ్లాసు పక్కన పెట్టాడు.

"పన్ను ఎంతైనా కట్టేస్తానండీ."

"పన్నుదేముందమ్మా, అది కడితే పోయేదే. మీరు వాడినవని సంతకం పెట్టారు. కాగితం లోపలికి వెళ్ళిపోయింది, ఇక వెనక్కి రాదు. రేపు కొత్తవని తేలితే తప్పుడు సంతకమని రాస్తారు. అది నేరుగా మీ వీసా ఫైల్లోకి వెళుతుంది."

"పాప వీసా?"

"అదీ ఆ ఫైలు చూసే ఇస్తారమ్మా" అంటూ ఆయన గ్లాసు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

"పొద్దున్నే నన్ను కాసేపు లోపలికి పంపండి. కాస్త మసి పూస్తాను. రెండు గిన్నెలు చొట్ట పెడతాను."

"భలేవారే! అక్కడ కళ్ళతో చూసేదెవరు? మూడో షెడ్డులో కాటా ఉంది కదా."

ఆ కాటా సంగతి ఆమెకి తెలియక కాదు, కంగారులో మరిచిపోయింది. రేవులో అందరికీ తెలిసిందే. ఎప్పటిదో పాత ఇనప కాటా. మనిషంత ఎత్తు స్తంభానికి గడియారంలాంటి పలక, అందులో ఒక ముల్లు. వస్తువు ఎంత బరువన్నది ఆ కాటాకి పట్టదు. ఎంత వాడారో అంత తూగుతుంది. అది ఉండగా ఇంతమంది ఇన్‌స్పెక్టర్లు దేనికని పై అధికారులు కొంతమందిని వేరేచోటికి మార్చారు. దాని గురించి ఎవరైనా గొణిగారంటే ఆ బదిలీ అయినవాళ్ళే గొణిగారు.

మర్నాడు ఆమె పెందలాడే షెడ్డుకి చేరింది. గుమ్మంలో పోలీసు మామూలుగా ఆవలిస్తే తననే చూస్తున్నాడనిపించింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ అడక్కముందే పాస్‌పోర్టు తీసి చూపించింది. వాడు దాన్ని చూడను కూడా చూడలేదు.

బల్ల దగ్గర జలుబుతో బాధపడుతున్న ఆఫీసరమ్మ, కాటా పక్కన నెరిసిన మీసాల పెద్దాయన. ముందు ఒక ముసలావిడ సామాను తూస్తున్నారు. ఆవిడ దువ్వెన పెట్టగానే ముల్లు గిర్రున పలక చివరిదాకా తిరిగి, అక్కడ కొట్టుకుంటూ ఆగింది. ఆఫీసరమ్మ తలెత్తకుండానే ముద్ర కొట్టింది. ఆ తర్వాత ఒకతని వాషింగ్ మిషన్ వచ్చింది. దాన్ని ముగ్గురు ఒగురుస్తూ ఎత్తిపెట్టారు. ముల్లు సూదిమొనంత కూడా కదల్లేదు.

"వాడినదేనండీ, మా ఇంట్లో రెండేళ్ళుగా..." అన్నాడతను.

"పక్కగదిలో చెప్పండి" అంది ఆఫీసరమ్మ. ఇద్దరు వచ్చి అతన్ని తీసుకుపోయారు. పాస్‌పోర్టు బల్ల మీదే ఉండిపోయింది. తలుపు మూసుకున్నాక లోపలినుంచి ఇక ఏ మాటా వినిపించలేదు.

చెల్లెలికి పై ప్రాణాలు పైనే పోయాయి. వెనక్కి తిరిగి పారిపోదామా అని నిజంగానే అనుకుంది. పారిపోయి ఎక్కడికెళ్ళాలి? ఈలోగా ఆమె పెట్టెలు కాటా దగ్గరికి వచ్చేశాయి. పెద్దాయన మొదటి పెట్టె కోసి మూకుడు బయటికి తీశాడు. అది అద్దంలా మెరుస్తోంది. బావ గోళ్ళకి అందని స్టిక్కరు ముక్క ఒకటి పిడి కింద అలాగే ఉంది. ఆమె కళ్ళు మూసుకుంది.

"వాడినది" అన్న మాట వినిపించింది. ముద్ర చప్పుడైంది.

కళ్ళు తెరిస్తే ముల్లు పలక మీద ముప్పాతిక దూరం వెళ్ళి ఉంది. కుక్కరు పెట్టారు, అదీ అంతే. ఇస్త్రీపెట్టె కాస్త తక్కువ తూగింది. ముద్ర మీద ముద్ర పడుతోంది. ఆమెకి ఆనందించాలో, భయపడాలో తెలియలేదు. ఏదో మోసం జరుగుతోంది, ఇప్పుడో ఇంకాసేపటికో వాళ్ళు కనిపెట్టేస్తారు. ఆఫీసరమ్మ ముక్కు చీదుకోవడానికి అటు తిరిగినప్పుడు పెద్దాయనకి దగ్గరగా జరిగింది.

"బాబాయ్, ఆ మూకుడు కొత్తది" అంది గొంతు తగ్గించి. చెప్పకుండా ఉండలేకపోయింది.

"కనిపిస్తూనే ఉందిగా తల్లీ."

"మరి అంత ఎలా తూగింది?"

"కాటాకి ముందూ వెనకా తెలీదమ్మా. నీ ఇంట్లో అది పడబోయే పాట్లు కూడా కలిపి చూపిస్తుంది. ఇందాకటి అతను ఆ మిషన్ని వాడడు, అమ్ముకుంటాడు. అందుకే ముల్లు లేవలేదు."

"అంటే నేను దీన్ని..."

"చాలా ఏళ్ళు వాడతావు. ఇంత తూగిన మూకుడు ఈ మధ్య నేను చూడలేదు."

రెండేళ్ళు అని అక్కకి చెప్పి వచ్చింది. రెండేళ్ళకి మూకుడు అంత తూగదు. అదే వంటగదిలో, అదే మూకుడు ముందు తన జుట్టు నెరవడం ఆమెకి కనిపించింది. ఎవరికోసం వండుతూ? ఆ ప్రశ్న వచ్చేసరికి నిన్నటినుంచీ పడిన భయం ఓ మూలకి పోయి, అంతకంటే పెద్దది దాని చోట్లో కూర్చుంది. ఆఖరి పెట్టెలో ఉన్నవి పాప వస్తువులు.

పెద్దాయన బొమ్మల దుప్పటి ఒకటి పక్కన పెట్టి, కుర్చీ బయటికి తీశాడు. నీలంరంగు వేసిన చిన్న చెక్క కుర్చీ.

"ఇదెవరిది?" అంది ఆఫీసరమ్మ.

"మా పాపదండీ."

"పాప ఇక్కడుందా?"

"ఇంకా రాలేదండీ."

ఆఫీసరమ్మ కలం మూత తీసి ఏదో రాసుకుంది. పెద్దాయన కుర్చీని కాటా మీద పెట్టాడు.

ముల్లు కదల్లేదు.

తప్పుడు సంతకం, పక్కగది, వీసా, అవన్నీ ఆమె ఒక్క నిమిషం మరిచిపోయింది. ఆ కుర్చీలో ఎవరూ కూర్చోరు. అంతవరకే అర్థమైంది. దారిలో ఏమైనా అవుతుందా? జబ్బా? లేక పాపే రానంటుందా, తనని మరిచిపోతుందా? భర్త పోయిన రోజు ఆసుపత్రి వరండాలో కూడా ఇంత భయం వేయలేదు. అక్కడ భయపడడానికి టైమే దొరకలేదు.

"ఇంకోసారి చూడండి బాబాయ్. కాళ్ళు పట్టుకుంటాను" అంది.

పెద్దాయన వంగి చూశాడు. "ఓసి నీ! ఒక కాలు కాటా దాటి నేల మీద ఆనింది" అంటూ కుర్చీని లోపలికి జరిపాడు.

ముల్లు వణికింది. నెమ్మదిగా లేచి, కొంచెం దూరం వెళ్ళి ఆగింది.

"ఇంతేనా?" అందామె.

"ఎంతకాలం కూర్చుంటుందమ్మా? పిల్లలు ఎదగరూ?"

"వాడినది" అంది ఆఫీసరమ్మ. ముద్ర కొట్టి మళ్ళీ తుమ్మింది.

రేవు గేటు బయట సామాను వ్యానులోకి ఎక్కిస్తుంటే అక్క ఫోన్ వచ్చింది. పొద్దుటినుంచీ ఎన్నోసార్లు చేసినట్టుంది.

"ఏమైంది? బావకి ఎవరో చెప్పారట, ఎంత వాడారో తూచే కాటా ఉందని, కొత్తవైతే పట్టుకుంటారని. నిన్న నువ్వెందుకు చెప్పలేదే? నాకు కాళ్ళూ చేతులూ ఆడటం లేదు!"

"ఏం కాలేదక్కా. అన్నీ వదిలేశారు."

"కాటా మీద పెట్టలేదా?"

"పెట్టారు. తూగాయి."

అక్క చదువుకోలేదు గానీ తెలివితక్కువది కాదు.

"కొత్తవి తూగాయంటే..." అంది చివరికి. "మూకుడు ఎంత తూగింది?"

"చాలా తూగిందక్కా."

"చిన్న కుర్చీ?"

అబద్ధం చెబుదామనుకుంది చెల్లెలు. నోరు తెరిచింది కూడా. కానీ పుట్టి బుద్ధెరిగాక అక్కకి ఆమె ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు, నిన్న ఒక్కసారి తప్ప.

"అదీ తూగింది."

అటువైపు పాప ఏదో పాట పాడుకుంటున్నది వినిపిస్తోంది. అక్క ఊపిరి కూడా వినిపిస్తోంది. ఏడుస్తుందేమోనని చెల్లెలు ఫోన్ గట్టిగా పట్టుకుని నిలబడింది. వ్యాను డ్రైవరు రమ్మని చెయ్యి ఊపుతున్నా కదల్లేదు.

"అక్కడ చలెక్కువా?" అంది అక్క.

"కొంచెం."

"దానికి నిద్రలో దుప్పటి తన్నేసే అలవాటుంది. తన్నేసినా ఏడవదు, అలాగే ముడుచుకుని పడుకుంటుంది. నీది అసలే మొద్దునిద్ర."

"లేస్తానక్కా."

"లేస్తాననడం కాదు, లేవాలి. నేను ఒకటికి రెండుసార్లు లేచి చూస్తున్నాను" అంది అక్క. "ఇంకోసంగతి. అది పాలు తాగేటప్పుడు గ్లాసు నువ్వు పట్టుకోకూడదు, తనే పట్టుకుంటానంటుంది. ఒలికినా తిట్టకు. నీకు ఇంకా చాలా చెప్పాలి, రాసుకుంటావా?"

"చెప్పక్కా, రాసుకుంటాను" అంది చెల్లెలు.