ప్రవీణ చేరిన ఉద్యోగం

విడాకులయ్యాక ప్రవీణ రెండేళ్లుగా జాబ్‌సెంటర్ అనే ప్రభుత్వ ఆఫీసు ఇచ్చే సాయంతోనే జర్మనీలోని కొలోన్‌లో ఇద్దరు పిల్లల్ని సాకుతోంది. ఒక వృద్ధాశ్రమం వంటగదిలో ఉద్యోగం దొరికినా మూడు రోజులుగా ఒప్పందం మీద సంతకం పెట్టలేదు. జీతం చిన్నది. చేరితే ఆ సాయం ఆగిపోతుంది, కూతురు ఈషా స్కూలు ట్రిప్పూ పోతుందని భయం.

చివరికి టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్ తీసుకుని జాబ్‌సెంటర్‌కెళ్లి అడిగింది.

అక్కడి ఉద్యోగిని కాగితాలన్నీ చూసి, "పనిచేసే తల్లిదండ్రులకు జీతం చాలకపోతే, పిల్లల కోసం కిండర్‌త్సుష్లాగ్ అని విడిగా ఇస్తారండీ. మీకు వస్తుంది" అంది.

"మరి స్కూలు ట్రిప్పు?"

"దానికీ సాయం ఉంటుంది."

అప్పటికి గానీ ప్రవీణ మనసు కుదుటపడలేదు. పెన్ను అడిగి అక్కడే ఆ ఒప్పందం మీద సంతకం పెట్టి, తిన్నగా వృద్ధాశ్రమానికి వెళ్లింది.

"సోమవారం నుంచి రాగలరా?" అని అడిగాడు వంటపెద్ద.

"రేపు రమ్మన్నా వస్తాను" అంది నవ్వుతూ.