చెంచలి కూర కొసలు

గౌడవెల్లి శివార్లలో, చేలల్లో కలుపుగా మొలిచే చెంచలి కూర కోసం శంకరమ్మ ఎనిమిది రోజులుగా తిరుగుతోంది. కాళ్లు పీకాయి గానీ కూర మాత్రం కంటబడలేదు. ఎలా పడుతుంది? ఏ చేను చూసినా గడ్డిమందే. "ఒక్క పూటల గట్లు గూడ సాఫైతయి అక్కా, ఇగ కలుపు తీసుడేంది?" అని మక్కచేను యాదగిరి గొప్పలు పోయాడు. ముప్పై ఏళ్లు తన చేలోనే వంగి కలుపు తీసిన మనిషితో అనాల్సిన మాటేనా అది!

ఈ తిరుగుడంతా కూతురు కావ్య కోసం. కావ్యకు ఏడో నెల. పుట్టింటికి వచ్చిన రోజునే నర్సు అశ్రిత పరీక్ష చేసి, ఒంట్లో రక్తం తక్కువుందని, ఇలాగే ఉంటే కాన్పు కష్టమవుతుందని చెప్పింది. ఇనుము మాత్రలు వేసుకుంటే కక్కేస్తోంది. "మాత్రలు మార్చి ఇస్త. గవి ఏసుకుంటనే ఆకుకూరలు తినాలె. మీ కలుపుల మొలిసే చెంచలి కూరల ఇనుము మస్తుంటది శంకరమ్మా. నిమ్మకాయ పిండుకొని తింటె ఒంటికి పడ్తది," అంది అశ్రిత. అంగడి పాలకూర ముద్ద నోట్లో పెట్టుకోగానే కావ్య మొహం తిప్పేసింది. "చిన్నప్పుడు నువ్వు కలుపుకు పోయి ఒడిల తెచ్చేటిది కావాలె అమ్మా," అంది.

తొమ్మిదో రోజున దొరికింది. ఊరి చివర కొత్త కాలనీలో, రెండు మేడల మధ్య ఎవరిదో ఖాళీ ప్లాటు. వాన నీళ్లు నిలిచి ఆరిన చోట మంచమంత మేర లేత చెంచలి! శంకరమ్మకు కళ్లనీళ్లు తిరిగాయి. కొసలు గిల్లుకుంటూ పోతే నాలుగు రోజులకోసారి మళ్లీ చిగురిస్తుంది. కాన్పుదాకా ఢోకా లేదనుకుంది.

కొంగు నడుముకు చుట్టి కూర్చుంది. ప్లాటు పక్క మేడలో ఉండే బాలాత్రిపురసుందరి ప్రహరీ దగ్గరకొచ్చింది. ఉద్యోగాల మీద కోస్తా నుంచి వచ్చిన కుటుంబం వాళ్లది. "ఏమ్మా, ఆ పిచ్చి మొక్కలెందుకూ?" అనడిగింది.

"పిచ్చి మొక్కలా!" శంకరమ్మకు చుర్రుమంది. "గిది చెంచలి కూరమ్మా. పెసరపప్పుల ఏస్తే దీని ముందట మాంసం గూడ ఎందుకు పనికిరాదు. మేం పది మందిమి సాలుకొకరం కూసుంటుంటిమి. బుచ్చవ్వ పాటెత్తుకుంటే మేమందరం అందుకుంటుంటిమి. పొద్దుగూకే యాళ్లకు ఒడి నిండుతుండె..."

చెబుతున్నకొద్దీ ఇంకా చెప్పాలనిపించింది. బుచ్చవ్వ పోయి మూడేళ్లు. పక్క సాలులో కూర్చునే బాలామణి ఇప్పుడు మందుల కంపెనీలో ఊడ్చే పనికి పోతోంది. మిగిలినవాళ్లు తలో దిక్కు. ఇన్నాళ్లూ నోట రాని ఆ పాట దానంతటదే వచ్చింది. ఎడమ పక్కన బుచ్చవ్వ, కుడి పక్కన బాలామణి ఉన్నట్టే అనిపించింది. అబ్బ, ఎంత హాయి! వాళ్ల కోసం తానెంత బెంగపెట్టుకుందో అప్పుడుగానీ తెలియలేదు. సాలు వెంబడి జరుగుతున్నట్టే జరుగుతూ పాడింది. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి.

"భలే శుభ్రం చేశావమ్మా! ఇక పాములూ పుట్రా భయం ఉండదు," అంది బాలాత్రిపురసుందరి మెచ్చుకోలుగా.

శంకరమ్మ వెనక్కి తిరిగి చూసింది. ఒక్క మొక్క మిగల్లేదు. ముప్పై ఏళ్ల అలవాటు కదా, వేళ్లతో సహా పీకి, మన్ను దులిపి, కుప్పలు పెట్టుకుంటూ వచ్చేసింది.

"అయ్యో, నా చేతులిరుగ! కొసలు గిల్లాలె గదనే!" అని తనను తానే తిట్టుకుంది. పది మొక్కలు మళ్లీ నాటి నీళ్లు పోసింది. ఎండకు అప్పటికే వేళ్లు ఆరిపోయి తలలు వాల్చేశాయి. విత్తనమైనా పట్టని లేత కూర, మళ్లీ మొలుస్తుందన్న ఆశ కూడా లేదు.

మధ్యాహ్నం కావ్య రెండు మార్లు అన్నం కలుపుకుంది. నిమ్మకాయ పిండుకుని, వేళ్లు నాకుతూ తింది. కడుపులో ఇమిడింది కూడా.

"రేపు గూడ గిదే వండే అమ్మా."

"లేదు బిడ్డా. ఉన్నదంత ఇయ్యాలనే వండిన. మొక్కలన్ని పీకేసిన. నా చేతులతోనే పీకేసిన."

కావ్య నమ్మలేదు, పకపకా నవ్వింది. "మస్తు చెప్తవులే! నీకు తెల్వదా ఏంది కూర గిల్లుడు?"

శంకరమ్మ తను ఇంకా ముట్టని పళ్లెంలోంచి కూరంతా తీసి కూతురి అన్నంలో వేసింది.