రంగు కింద ఉప్పు

“రెండ్రోజులకోపాలి వస్తాది ట్యాంకరు. తాగే నీల్లతో ఇనుం కడుగుతావేటే?” అని మావ అడగడం అది మూడోసారి.

అత్త లక్ష్మణమ్మ వినిపించుకోలేదు. రెండో బిందె కూడా వంచింది. పెరట్లో ఆమె ముందున్నది ఉప్పుటేటి మీది ఇనప వంతెన రేకు, మూరెడు ముక్క. ఐదు రోజుల కిందట నా ఆడపడుచు తులసి నెత్తిన ఉప్పు గంపతో వంతెన దాటుతుంటే కాళ్ల కింద ఆ రేకు విరిగింది. ఆటుకు ఏటిలో నీళ్లు తగ్గి రాళ్లు తేలిన వేళ అది, ఆ రాళ్ల మీద పడి చనిపోయింది. తులసికి ఇరవై రెండేళ్లు.

పిల్లలకు రేపటిదాకా నీళ్లుండాలని నేనూ బిందె పట్టుకున్నాను.

“బురదున్నాదే దీనిమీద. నా కూతురు ఆకరి అడుగు దీనిమీదే ఏసింది,” అంది అత్త. నేను బిందె వదిలేశాను.

పీచుతో తోముతుంటే ఆకుపచ్చ రంగు అట్టలు కట్టి ఊడి వచ్చింది. పైన రంగు ఇంకా నిగనిగలాడుతూనే ఉంది. కింద ఇనుము లేదు. ఎర్రటి పొరలు వేలితో నొక్కితే పొడి అయిపోయాయి. అత్త ఆ వేలిని నాలుకకు తాకించింది. ముప్పై ఏళ్లుగా నౌపడ ఉప్పుమడుల్లో పనిచేస్తున్న మనిషి.

“ఉప్పు,” అంది.

మావ లేచి వాకిట్లోకి వెళ్లిపోయాడు.

ఎందుకు వెళ్లాడో నాకు తెలుసు. పోయిన వేసవిలో ఆ వంతెనకు రంగు వేసింది మావ జోగయ్యే. ఆయన రంగుపని మేస్త్రి. తుప్పంతా గీకాలి, మంచినీళ్లతో కడగాలి, ఆరిన రోజే ప్రైమర్ పెట్టాలి, పది రోజులు పడుతుంది, ఒక ట్యాంకరు పంపమని కంట్రాక్టరు నాగబాబును అడిగాడు. ఏటినిండా నీళ్లుంటే ట్యాంకరెందుకన్నాడు నాగబాబు. మూడో రోజున ఆఫీసరు వస్తాడు, అప్పటికి వంతెన మెరవాలన్నాడు. తుప్పు గీకకుండానే మావ రంగు వేసేశాడు. కడగడానికి ఏటి ఉప్పునీళ్లు మోసింది మేమే. అత్త, తులసి, నేను. ఎండకు తాళలేక తులసి ఒక బిందె నా నెత్తిన కుమ్మరించి నవ్వింది కూడా.

విజయనగరంలో పాలిటెక్నిక్ చదివే నా చిన్న ఆడపడుచు అనిత ఆ పొరల్ని అరచేతిలో పోసుకుని చూసింది. రంగు కింద చిక్కుకున్న ఉప్పు తేమను లాగుతూనే ఉంటుందని, ఇనుమును లోలోపల తినేస్తుందని మాకు చెప్పింది. వాకిట్లో ఉన్న తండ్రికి వినపడుతుందని తెలుసు. అయినా అనేసింది.

“ఆ రంగు ఏయకపోయినా బాగున్ను. తుప్పు కంటికి కనపడేది. అక్క సూసుకుని నడిసేది.”

నాగబాబు పంపిన కాగితం అప్పటికే గూట్లో ఉంది. గంప బరువు ఎక్కువై తులసే కాలు జారి పడిందని రాసి ఉంది. తండ్రిగా మావ సంతకం పెట్టాలి.

మర్నాడు పొద్దున్న ఉప్పు మోసే నలభైమందిమి వంతెన మొదట్లో గంపలు దించాం. మొత్తం వంతెన గీకించాలి, పుచ్చినవి మార్పించాలి, అంతదాకా దాటం అన్నాం. వానొస్తే మేం తలదాచుకునే ఉప్పు షెడ్డుదీ అదే రంగు, అదే నీళ్లు. దాన్నీ గీకి చూడమన్నాం.

నాగబాబు బండి దిగాడు. విరిగినచోట కొత్త రేకు వేయించానని, ఇక ఏనుగు నడిచినా ఏమీ కాదని అన్నాడు.

“అలగైతే నువ్వు ముందెల్లు బాబూ. గంప మేం ఎత్తుతాం,” అంది ముసలి నారాయణమ్మ.

తులసి పోయాక మొదటిసారి నవ్వాం. నాగబాబు వంతెన మీద కాలు పెట్టలేదు.

“రంగేసింది మీ జోగిగాడే. కేసంటూ అయితే ముందు లోపలికెల్లేది ఆడే. సాయంత్రానికి ఆ కాగితం నాకు రావాల,” అన్నాడు.

నవ్వు ఆగిపోయింది. ఇద్దరు ముగ్గురు వంగి గంపలు అందుకున్నారు. నీళ్లు ఇవ్వనివాడు తల ఎత్తుకుని నిలబడ్డాడు. నీళ్లు మోసిన మేం తల దించుకున్నాం. ఇన్నాళ్లూ మమ్మల్ని ఏలింది ఇలాగే కదా అని నాకప్పుడు తోచింది. వంతెన ఎవరూ దాటలేదు. కానీ గట్టిగా మాట్లాడినవాళ్లూ లేరు.

సాయంత్రం అందరం వంటింట్లో ఉండగా మావ లోపలికొచ్చాడు. ఒక చేతిలో కాగితం, ఇంకో చేతిలో వైరు బ్రష్షు. ఎవరి ముఖమూ చూడకుండా మాట్లాడాడు.

“నాను సంతకం ఎట్టను. రేపు ఎంక్వయిరీకి ఆఫీసరొస్తాడు. తుప్పు గీకనోన్ని నాను, నీల్లడిగితే ఇవ్వనోడు ఆడు. రెండూ రాసుకోమంటాను.”

“నిన్ను అట్టుకెల్తారు నాన్నా,” అంది అనిత.

“ఎల్లనీ. ఆ షెడ్డు కింద నలభైమంది కూకుంటారు.” బ్రష్షు నా ముందు పెట్టాడు. “నాను లేకపోతే మీరు గీకండి. తెల్లటి ఇనుం కనపడేదాకా గీకండి. మంచినీల్లు రాకండా రంగు డబ్బా ముట్టకండి.”

అత్త పొయ్యి మీది కుండ దించింది. చేతులు తుడుచుకుంది.

“ఆ నీల్లు మోసింది ముగ్గురం,” అంది. “ఇద్దరం మిగిలినాం. రేపు మేమూ వస్తన్నాం. మా పేర్లు కూడా రాయించు.”